న వకీల్, న దలీల్, న అపీల్: విచారణ లేని నిర్బంధంపై రాజ్యాంగం ఏమంటోంది? ప్రభుత్వం బాధ్యత ఎంత?

కొడుకు మీద కేసు పడింది. తల్లిదండ్రులు కోర్టు చుట్టూ తిరిగారు, జామీను ఇచ్చేవాళ్ళను బతిమాలుకున్నారు, అప్పు తెచ్చి వకీలు ఫీజు కట్టారు. ఎట్టకేలకు బెయిల్ వచ్చింది. జైలు గేటు దగ్గర ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. మనిషి మాత్రం బయటికి రాలేదు. "పీడీ యాక్ట్ ఆర్డర్ వచ్చింది, ఇక ఏడాది దాకా రాడు" అన్న మాట ఒక్కటే బయటికి వచ్చింది.

ఇది ఏదో ఒక్క ఇంటి కథ కాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇలా నిలబడిపోయిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. కోర్టు బెయిల్ ఇచ్చాక కూడా మనిషిని ఎలా ఆపగలిగారు? నేరం రుజువు కాకుండా ఏడాది జైల్లో పెట్టడం చట్టబద్ధమేనా? పౌరుడి హక్కును కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదా? ఈ ప్రశ్నలకు రాజ్యాంగం, చట్టం, కోర్టు తీర్పులు ఏం జవాబు చెబుతున్నాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

అరెస్టు వేరు, ముందస్తు నిర్బంధం వేరు

మామూలు అరెస్టు జరిగిపోయిన నేరానికి సంబంధించింది. ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. వకీలును పెట్టుకోవచ్చు, బెయిల్ అడగొచ్చు. 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. చివరికి సాక్ష్యాలు చూసి కోర్టు తీర్పు చెబుతుంది.

ముందస్తు నిర్బంధం, అంటే ప్రివెంటివ్ డిటెన్షన్, అలా కాదు. "ఈ మనిషిని బయట వదిలితే రేపు ఏదో చేస్తాడు" అని అధికారి నమ్మితే చాలు, లోపల పెట్టొచ్చు. ఇక్కడ చార్జిషీటు ఉండదు, సాక్షులుండరు, విచారణ ఉండదు. శిక్ష అని కూడా పేరు పెట్టరు. కానీ లోపల ఉన్న మనిషికి గోడలు అవే, తాళాలు అవే.

విచారణ ఖైదీల సమస్య దీని పక్కనే ఉన్నా అది వేరే. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. వాళ్ళకు విచారణ జరగాల్సి ఉంది, ఆలస్యమవుతోంది. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళకు, ఆ ఉత్తర్వు మీద, విచారణ అనేదే లేదు.

ఈ చట్టాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇవి తెల్లదొరల కాలం నాటివి. 1818 నాటి బెంగాల్ రెగ్యులేషన్‌తో మొదలయ్యాయి. 1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. విచారణ లేకుండా జైల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చిన ఆ చట్టాన్ని జనం మూడు ముక్కల్లో చెప్పుకున్నారు: న వకీల్, న దలీల్, న అపీల్. వకీలు లేడు, వాదన లేదు, అప్పీలు లేదు. ఆ ఏప్రిల్‌లోనే పంజాబ్ నాయకులు సైఫుద్దీన్ కిచ్లూ, సత్యపాల్‌లను విచారణ లేకుండా అమృత్‌సర్ నుంచి తరలించారు. వాళ్ళ కోసం నిరసనగా ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో చేరిన జనం మీదే జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించాడు.

అంత చేదు అనుభవం ఉన్న దేశం స్వాతంత్ర్యం వచ్చాక ఈ అధికారాన్ని పక్కన పడేస్తుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. దేశ విభజన నాటి అల్లర్లు, హింస కళ్ళముందుండగా రాజ్యాంగ సభ ఆ అధికారాన్ని ఉంచింది, కాకపోతే కొన్ని కళ్ళేలు వేసింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెల రోజులకే, 1950 ఫిబ్రవరిలో, పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టం చేసింది. మద్రాస్ రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేవి. కారణాల్ని కోర్టుకు కూడా చెప్పకూడదన్న ఒక్క సెక్షన్‌ను కొట్టేసి, మిగతా చట్టాన్ని కోర్టు నిలబెట్టింది.

తర్వాత 1971లో మీసా వచ్చింది, 1974లో కాఫిపోసా, 1980లో జాతీయ భద్రతా చట్టం వచ్చాయి. జమ్మూకశ్మీర్‌లో 1978 నుంచి ప్రజా భద్రతా చట్టం ఉంది. ఫరూఖ్ అబ్దుల్లా, ఒమర్ అబ్దుల్లా, మెహబూబా ముఫ్తీ, ముగ్గురూ మాజీ ముఖ్యమంత్రులే. 2019 ఆగస్టు తర్వాత ఆ ముగ్గురినీ ఆ చట్టం కిందే నిర్బంధించారు.

ఎమర్జెన్సీ నేర్పిన పాఠం

ఈ అధికారం ఎంత దూరం పోగలదో 1975-77లో దేశం చూసింది. షా కమిషన్ లెక్క ప్రకారం ఒక్క మీసా కిందే దాదాపు 35 వేల మందిని నిర్బంధించారు. తొమ్మిది హైకోర్టులు "ఎమర్జెన్సీ ఉన్నా నిర్బంధం చట్టప్రకారం ఉందో లేదో మేం చూస్తాం" అన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఒక పోలీసు దురుద్దేశంతో మనిషి ప్రాణం తీసినా కోర్టు ఏమీ చేయలేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం చేయలేదనే అర్థంలో అటార్నీ జనరల్ నీరేన్ డే జవాబిచ్చారు.

1976 ఏప్రిల్ 28న ఏడీఎం జబల్‌పూర్ కేసులో నలుగురు జడ్జీలు ప్రభుత్వ పక్షాన తీర్పు ఇచ్చారు. ఒక్క ఖన్నా మాత్రం కాదన్నారు. తర్వాత సీనియారిటీ ప్రకారం ఆయనకు దక్కాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి మరొకరికి పోయింది, ఆయన రాజీనామా చేశారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తేల్చి చెప్పింది. 1976లో మెజారిటీ వైపు నిలిచిన వాళ్ళలో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ ఒకరు. 41 ఏళ్ళ తర్వాత దాన్ని తప్పని రాసిన జడ్జీ ఆయన కొడుకు డి.వై. చంద్రచూడ్.

ఎమర్జెన్సీ పోయాక 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేశారు. ఇక ఎమర్జెన్సీలో కూడా ప్రాణ, స్వేచ్ఛా హక్కు కోసం కోర్టుకెళ్ళే దారి మూయకూడదన్నారు. ఆ భాగం అమల్లోకి వచ్చింది. అదే సవరణలో ఇంకో భాగం ఉంది: సలహా మండలి అభిప్రాయం లేకుండా ఉంచగలిగే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించాలి, మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మేరకే వేయాలి, దానికి సర్వీసులో ఉన్న హైకోర్టు జడ్జీ అధ్యక్షుడిగా ఉండాలి. పార్లమెంటు ఆమోదించినా ఈ భాగాన్ని అమల్లోకి తెస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వలేదు. అన్ని రంగుల ప్రభుత్వాలూ వచ్చి వెళ్ళాయి, ఆ సంతకం మాత్రం పడలేదు.

ఆర్టికల్ 22లో ఏముంది?

ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళకు 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరు, వకీలు ద్వారా వాదించుకునే హక్కు వర్తించవని ఇదే ఆర్టికల్ చెబుతోంది. అంటే రౌలట్ నాటి మొదటి మాట, "న వకీల్", కొంతమేరకు ఇప్పటికీ బతికే ఉంది. దానికి బదులుగా రాజ్యాంగం ఇచ్చిన రక్షణలు ఇవి:

ఒకటి, ఎందుకు నిర్బంధించారో కారణాలు వీలైనంత త్వరగా చెప్పాలి.

రెండు, ఆ ఉత్తర్వు మీద విజ్ఞాపన పెట్టుకోవడానికి వెంటనే అవకాశం ఇవ్వాలి.

మూడు, మూడు నెలలకు మించి ఉంచాలంటే, హైకోర్టు జడ్జీగా ఉన్న లేదా ఉండడానికి అర్హత ఉన్నవాళ్ళతో వేసిన సలహా మండలి "తగిన కారణం ఉంది" అని చెప్పాలి.

వీటికి తోడు ఆర్టికల్ 226 కింద హైకోర్టుకు, ఆర్టికల్ 32 కింద సుప్రీంకోర్టుకు వెళ్ళే హెబియస్ కార్పస్ దారి ఎప్పుడూ ఉంటుంది. "మనిషిని నా ముందుకు తీసుకురండి, ఎందుకు పట్టుకున్నారో చెప్పండి" అని కోర్టు ప్రభుత్వాన్ని అడగడమే అది.

ఈ రక్షణలు చూడడానికి చిన్నవే. కానీ విచారణ అనే పెద్ద రక్షణ తీసేశాక మిగిలినవి ఇవే. అందుకే వీటిలో ఒక్కటి తప్పినా ఉత్తర్వు నిలవదని కోర్టులు చెబుతూ వచ్చాయి.

మన దగ్గర పీడీ యాక్ట్ ఎలా నడుస్తుంది?

తెలుగు రాష్ట్రాల్లో "పీడీ యాక్ట్" అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన 1986 నాటి 1వ నంబరు చట్టం. విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది. మొదట్లో సారా వ్యాపారులు, దోపిడీ దొంగలు, మాదకద్రవ్యాల నేరస్తులు, గూండాలు, వ్యభిచార రవాణాదారులు, భూకబ్జాదారుల కోసం దీన్ని తెచ్చారు. తర్వాత తెలంగాణ ఈ జాబితాను బాగా పెంచింది. నకిలీ విత్తనాలు, కల్తీ ఎరువులు, ఆహార కల్తీ, నకిలీ పత్రాలు, జూదం, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు కూడా చేరాయి.

ఇందులో దశలు, గడువులు ఇవి:

పోలీస్ కమిషనర్ లేదా కలెక్టర్ నిర్బంధ ఉత్తర్వు ఇస్తారు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని 12 రోజుల్లోపు ఆమోదించాలి, లేకపోతే చెల్లదు.

నిర్బంధించిన 5 రోజుల్లోపు కారణాలు ఆ వ్యక్తికి అందాలి.

3 వారాల్లోపు ప్రభుత్వం కేసును సలహా మండలికి పంపాలి.

నిర్బంధం మొదలైన రోజు నుంచి 7 వారాల్లోపు మండలి నివేదిక ఇవ్వాలి. "తగిన కారణం లేదు" అని మండలి అంటే వెంటనే వదిలిపెట్టాల్సిందే.

"ఉంది" అంటే ప్రభుత్వం నిర్ధారిస్తుంది. గరిష్ఠ కాలం 12 నెలలు.

దీనికి పూర్తిగా వేరైన మరో అధికారం కూడా ఉంది, రెండూ కలిపేయకూడదు. "చలో అసెంబ్లీ" లాంటి పిలుపులు వచ్చినప్పుడు పోలీసులు చేసే ముందస్తు అరెస్టులు మామూలుగా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 170, పాత చట్టంలో 151, కింద జరుగుతాయి. వేరే కేసో, వేరే చట్టమో లేకపోతే ఆ అరెస్టు 24 గంటలు దాటకూడదు.

శాంతిభద్రతలా, పబ్లిక్ ఆర్డరా?

పీడీ యాక్ట్ కేసులు ఎక్కువగా ఈ ఒక్క ప్రశ్న దగ్గరే నిలబడతాయి, పడిపోతాయి. ప్రతి నేరమూ శాంతిభద్రతల సమస్యే. కానీ ప్రతి నేరమూ పబ్లిక్ ఆర్డర్‌ను, అంటే మొత్తం సమాజపు ప్రశాంతతను, దెబ్బతీయదు.

డాక్టర్ రామ్‌మనోహర్ లోహియా నిర్బంధం కేసులో 1965లో జస్టిస్ హిదాయతుల్లా దీన్ని మూడు వలయాలుగా వివరించారు. పెద్ద వలయం శాంతిభద్రతలు. దాని లోపల చిన్నది పబ్లిక్ ఆర్డర్. దానికీ లోపల ఇంకా చిన్నది రాజ్య భద్రత. బయటి వలయంలో జరిగిన ప్రతిదీ లోపలి వలయాన్ని తాకదు.

తేలిగ్గా చెప్పాలంటే, ఇద్దరు కొట్టుకుంటే అది పోలీస్ స్టేషన్‌లో తేలాల్సిన గొడవ. దాంతో బస్తీ బస్తీ అంతా భయంతో తలుపులేసుకుంటే అది పబ్లిక్ ఆర్డర్. ఒకడు పది మందిని మోసం చేశాడంటే ఆ పది మందికీ న్యాయం జరగాలి, కేసు నడవాలి. దానికి పీడీ యాక్ట్ ఎందుకు అన్నదే కోర్టు వేసే ప్రశ్న.

తెలంగాణ గురించి సుప్రీంకోర్టు ఏమంది?

వరుసగా వచ్చిన నాలుగు తీర్పులు ఒక్క రాష్ట్రం గురించే కావడం గమనించాల్సిన సంగతి.

2021 ఆగస్టులో షేర్ మార్కెట్ పెట్టుబడుల పేరుతో మోసం చేశాడన్న వ్యక్తి కేసు వచ్చింది. కింది కోర్టులు బెయిల్ ఇచ్చాయి, ఆ తర్వాత పీడీ ఉత్తర్వు పడింది. బెయిల్ తప్పనిపిస్తే దాన్ని రద్దు చేయమని పైకోర్టుకు వెళ్ళాలి గానీ నిర్బంధ ఉత్తర్వు దానికి బదులు కాదని కోర్టు చెప్పింది.

2022 ఏప్రిల్‌లో ఉద్యోగాలిప్పిస్తామని మోసం చేశారన్న కేసు. మొదటి ఎఫ్‌ఐఆర్ పడిన ఏడు నెలల తర్వాత నిర్బంధ ఉత్తర్వు ఇచ్చారు. అంత ప్రమాదమే అయితే ఏడు నెలలు ఎందుకు ఆగారని ఎవరికైనా అనిపిస్తుంది. పాతబడిన విషయాల మీద ఉత్తర్వు నిలవదని కోర్టు కొట్టేసింది. అప్పటికి గత ఐదేళ్ళలో ఈ చట్టం కింద ఐదుకు పైగా ఉత్తర్వుల్ని తామే రద్దు చేశామని, ఒక్క ఏడాదిలోనే తెలంగాణ హైకోర్టు కనీసం పది రద్దు చేసిందని కూడా గుర్తుచేసింది.

2023 సెప్టెంబర్ 4న, హైదరాబాద్ పోలీస్ కమిషనర్ ఉత్తర్వుతో నిర్బంధంలో ఉన్న తన భర్త కోసం ఒక మహిళ పోరాడిన కేసులో తీర్పు వచ్చింది. దేశం 75 ఏళ్ళ స్వాతంత్ర్యాన్ని పండుగ చేసుకుంటున్న వేళ, ఈ రాష్ట్రంలో కొందరు పోలీసు అధికారులు రాజ్యాంగం ఇచ్చిన హామీల్ని మర్చిపోయి పౌరుల స్వేచ్ఛను అడ్డుకుంటున్నారని జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం బాధపడింది. అరుదుగా వాడాల్సిన అధికారం మామూలు అలవాటుగా మారిందన్నదే దాని సారాంశం. నిర్బంధ ఉత్తర్వును కోర్టులు ఏయే కోణాల్లో పరిశీలించాలో కూడా ఆ తీర్పు వరసగా రాసిపెట్టింది.

2024 మార్చిలో రాచకొండ కమిషనరేట్ నుంచి గొలుసు దొంగతనాల కేసు వచ్చింది. మామూలు చట్టంతో శాంతిభద్రతల్ని కాపాడలేకపోవడం ముందస్తు నిర్బంధానికి సాకు కాదని కోర్టు చెప్పింది. సలహా మండళ్ళు రబ్బరు స్టాంపుల్లా సంతకం పెట్టకూడదని, ఉత్తర్వు చట్టం కళ్ళకు నిలబడుతుందా లేదా అని నిజంగా పరిశీలించాలని హెచ్చరించింది.

అర్థం కాని భాషలో ఇచ్చిన కారణం, ఇవ్వనట్టే

మన పాఠకులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది. కారణాలు చెప్పాలి అంటే, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. 1962లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. మహారాష్ట్రలో హిందీ మాత్రమే వచ్చిన వ్యక్తికి ఇంగ్లీషులో కాగితాలిచ్చి, ఒక పోలీసు అధికారి నోటితో తర్జుమా చేసి చెప్పారు. అది చాలదని, ఆయనకు తెలిసిన భాషలో రాతపూర్వకంగా ఇవ్వాల్సిందని కోర్టు ఉత్తర్వును రద్దు చేసింది.

కారణాల పత్రమే కాదు, అధికారి ఆధారపడిన ఎఫ్‌ఐఆర్‌లు, వాంగ్మూలాలు, బెయిల్ ఉత్తర్వుల నకళ్ళు కూడా తెలిసిన భాషలో అందాలి. ఉర్దూ తెలంగాణలో రెండో అధికార భాష. ఉర్దూ మాత్రమే చదవగలిగిన మనిషికి ఉర్దూలో, తెలుగు మాత్రమే వచ్చినవాడికి తెలుగులో ఇవ్వడం దయ కాదు, రాజ్యాంగ బాధ్యత. చదువు రాని వాడైతే చదివి వినిపించి అర్థమయ్యేలా చెప్పాలి.

కాగితం చేతికి అందడం వేరు, దాన్ని వాడుకోగలగడం వేరు. ఉత్తరప్రదేశ్‌లో డాక్టర్ కఫీల్ ఖాన్‌ను ఒక ప్రసంగం ఆధారంగా జాతీయ భద్రతా చట్టం కింద నిర్బంధించారు. ప్రసంగం సీడీ ఇచ్చారు గానీ జైల్లో దాన్ని చూడడానికి యంత్రం ఇవ్వలేదు. తన మీద ఉన్న ఆధారాన్ని చూడలేని మనిషి దానికి జవాబు ఎలా రాస్తాడు? 2020 సెప్టెంబర్ 1న అలహాబాద్ హైకోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టేసింది. కానీ అప్పటికే ఆయన ఏడు నెలలు లోపలే గడిపారు.

మనకు నచ్చని మనిషికి కూడా ఇదే చట్టం

హక్కుల గురించి మాట్లాడేటప్పుడు ఒక ఇబ్బందికరమైన ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. 2022 ఆగస్టు 23న గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్‌ను ప్రవక్త గురించి చేసిన వ్యాఖ్యల కేసులో అరెస్టు చేశారు. కోర్టు అదే రోజు విడుదల చేసింది. రెండు రోజులకే పీడీ యాక్ట్ కింద నిర్బంధించారు. నవంబర్ 9న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, షరతులతో విడుదల చేయమంది.

ఆ వ్యాఖ్యలు ఎంతోమంది మనసుల్ని గాయపరిచాయి. అయినా ఇందులో పాఠం ఉంది. అరెస్టు పద్ధతి ప్రకారం చేసి, కేసు గట్టిగా కట్టి, విచారణ త్వరగా నడిపి, నేరం రుజువైతే శిక్ష వేయించడమే బాధితులకు నిజమైన న్యాయం. పీడీ యాక్ట్ ఆ పని చేయదు. కొన్నాళ్ళు లోపల పెట్టి ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది, ఉత్తర్వు కోర్టులో పడిపోతుంది, అసలు కేసు వెనకబడుతుంది. ఇవాళ మనకు నచ్చనివాడి మీద చప్పట్లు కొట్టిన చట్టమే రేపు మన బస్తీ కుర్రాడి మీదికి వస్తుంది. అప్పుడు అడగడానికి మన దగ్గర మాట ఉండదు.

ప్రభుత్వం వాదన ఏంటి?

ప్రభుత్వం వైపు వాదనను కూడా న్యాయంగా చూడాలి. కొందరు పదేపదే నేరాలు చేస్తారు. బెయిల్ మీద బయటికొచ్చి సాక్షుల్ని బెదిరిస్తారు. నకిలీ పత్తి విత్తనాలు అమ్మినవాడి వల్ల వందల ఎకరాల్లో పంట పోతుంది, రైతు అప్పుల్లో కూరుకుపోతాడు. కేసు తేలేసరికి ఏళ్ళు గడుస్తాయి. అప్పటిదాకా జనాన్ని ఎవరు కాపాడాలి అన్నది నిజమైన ప్రశ్నే. పౌరుల్ని నేరాల నుంచి కాపాడడం కూడా ప్రభుత్వ బాధ్యతే.

కానీ ఆ ప్రశ్నకు జవాబు మామూలు చట్టంలోనే ఉంది. బెయిల్ షరతులు ఉల్లంఘిస్తే రద్దు కోరవచ్చు. సాక్షులకు రక్షణ ఇవ్వొచ్చు. ప్రత్యేక కోర్టులు పెట్టొచ్చు. ఈ పనులకు సిబ్బంది కావాలి, డబ్బు కావాలి, శ్రద్ధ కావాలి. పీడీ యాక్ట్‌కు ఒక సంతకం చాలు. సులువుగా ఉంది కాబట్టి వాడడం మొదలైతే, దర్యాప్తులో లోపాలన్నీ ఆ సంతకం కింద దాక్కుంటాయి.

కాబట్టి సంతకం పెట్టే ముందు అధికారి తనను తాను అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. మామూలు చట్టం నిజంగా చాలదా? ఇది పబ్లిక్ ఆర్డర్ సమస్యేనా? ఆధారాలు తాజావేనా, పాత కేసుల చిట్టానా? బెయిల్ ఉత్తర్వులో కోర్టు ఏమన్నదో చదివానా? మనిషి ఇప్పటికే జైల్లో ఉండి, బయటికొచ్చే అవకాశమే లేకపోతే ఈ ఉత్తర్వు ఎందుకు? ఈ ప్రశ్నలకు ఫైలులో జవాబు లేకపోతే కోర్టులో కూడా ఉండదు.

కుటుంబం ఏం చేయాలి?

నిర్బంధ ఉత్తర్వు, కారణాల పత్రం, దానితో ఇచ్చిన కాగితాలన్నీ అడిగి తీసుకోవాలి. ఏ తేదీన అందాయో రాసిపెట్టుకోవాలి. 5 రోజులు, 12 రోజులు, 3 వారాలు, 7 వారాలు అన్న లెక్కలన్నీ తేదీల మీదే ఆధారపడతాయి.

కాగితాలు ఏ భాషలో ఉన్నాయో, లోపలున్న మనిషికి ఆ భాష చదవడం వచ్చో రాదో వకీలుకు మొదటే చెప్పాలి.

విజ్ఞాపన వెంటనే పెట్టాలి. ఉత్తర్వు ఇచ్చిన అధికారికి, రాష్ట్ర ప్రభుత్వానికి, సలహా మండలికి పంపొచ్చు. జైలు సూపరింటెండెంట్ ద్వారా పంపితే రసీదు తీసుకోవాలి. విజ్ఞాపనను కారణం లేకుండా నాన్చితే, ఆ ఆలస్యమే ఉత్తర్వు రద్దవడానికి కారణం కావచ్చు.

సలహా మండలి ముందు స్వయంగా మాట్లాడతానని రాసి అడగొచ్చు. అక్కడ వకీలును పెట్టుకునే హక్కు లేదు. అయితే ఎంపీ ఏ.కె. రాయ్ కేసులో 1981లో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. వకీలు కాని స్నేహితుడి సాయం తీసుకోవచ్చు. ప్రభుత్వం తన తరఫున వకీలును తెచ్చుకుంటే, నిర్బంధంలో ఉన్నవాడికీ ఆ అవకాశం ఇవ్వాలి.

హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్‌ను భార్య, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, స్నేహితుడు ఎవరైనా వేయొచ్చు. లోపలున్న మనిషి సంతకమే కావాలని లేదు. సలహా మండలి తేల్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు.

డబ్బు లేదని ఆగిపోవద్దు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, మహిళలకు, ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవొచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

పోయిన కాలానికి ఎవరు బదులు చెబుతారు?

ఉత్తర్వు రద్దయితే మనిషి ఇంటికి వస్తాడు. కానీ పోయిన ఉద్యోగం, ఆగిన చదువు, అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చేయించిన ఇల్లు తిరిగి రావు. హైకోర్టులో కేసు విచారణకు వచ్చేసరికే చాలాసార్లు నిర్బంధంలో సగం గడువు అయిపోయి ఉంటుంది. కొన్నిసార్లు 12 నెలలూ పూర్తవుతాయి, "ఇక ఈ పిటిషన్ అవసరం లేదు" అని కేసు మూసేస్తారు. ఉత్తర్వు తప్పా ఒప్పా అన్నది తేలకుండానే పోతుంది.

పరిహారం ఇచ్చే స్పష్టమైన చట్టం మన దేశంలో లేదు. 1979లో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరినప్పుడే, అక్రమ నిర్బంధానికి గురైనవారికి పరిహారం కోరే అమలు చేయదగిన హక్కు మా చట్టంలో లేదని భారత్ ప్రత్యేకంగా చెప్పుకుంది. అయినా 1983లో, నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్ళు బీహార్ జైల్లో మగ్గిన వ్యక్తికి సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించి కొత్త దారి వేసింది. కానీ అది కోర్టు తలిస్తే దొరికేది, అడిగితే దొరికే హక్కు కాదు.

హైదరాబాద్‌కు ఈ సంగతి అనుభవమే. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు తర్వాత నగరానికి చెందిన ఎందరో యువకుల్ని పట్టుకున్నారు. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసుతో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2012లో పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ప్రభుత్వం ఇవ్వాలనుకున్నా వెనక నిలబడే చట్టం లేకపోతే ఏమవుతుందో ఆ కేసు చూపించింది. తప్పుడు కేసుల బాధితులకు పరిహారం కోసం చట్టం కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం కూడా ఇంకా రాలేదు.

ఏం అడగాలి?

ముందస్తు నిర్బంధం రాజ్యాంగంలో ఉన్నంతకాలం ప్రభుత్వం దాన్ని వాడుతుంది. అది పోవాలా వద్దా అన్న చర్చ సాగుతూనే ఉంటుంది. కానీ ఈలోపు పౌరులుగా మనం అడగగలిగినవి, కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం లేనివి కొన్ని ఉన్నాయి. 44వ సవరణలో ఆగిపోయిన భాగాన్ని అమల్లోకి తేవాలి. హెబియస్ కార్పస్ పిటిషన్లను వారాల్లో తేల్చాలి. ఎన్ని ఉత్తర్వులిచ్చారో, మండలి ఎన్ని తిరస్కరించిందో, కోర్టులు ఎన్ని కొట్టేశాయో రాష్ట్ర ప్రభుత్వం ఏటా శాసనసభ ముందు పెట్టాలి. కారణాల పత్రం తెలుగు, ఉర్దూ రెండింటిలో సిద్ధంగా ఉండాలి. తప్పుగా నిర్బంధించిన రోజులకు లెక్కగట్టి పరిహారం ఇవ్వాలి.

పౌరుల హక్కుల్ని కాపాడడం ప్రభుత్వం చేసే ఉపకారం కాదు, దాని పని. 1919లో "న వకీల్, న దలీల్, న అపీల్" అని నినదించిన జనం పరాయి ప్రభుత్వాన్ని అడిగారు. ఇప్పుడు మనం అడుగుతున్నది మన ఓటుతో వచ్చిన ప్రభుత్వాన్ని. ఒక మనిషిని ఏడాది లోపల ఉంచాలనుకుంటే, ఎందుకో అతనికి అర్థమయ్యే భాషలో, సమయానికి, నిజంగా చెప్పండి. అతని జవాబు వినండి. కనీసం అంతవరకు అడిగే హక్కు జైలు గేటు దగ్గర ఎదురుచూస్తున్న ఆ తల్లికి ఉంది.